పిల్లల నోట్లో మీ జవాబులెందుకు?

నెల్లూరు, కావలి, గూడూరు పట్టణాల్లో విదేశీ విద్య కన్సల్టెన్సీలు నడుపుతున్న యజమానులకు, వాటిలో పనిచేసే కౌన్సెలర్లకు, వీసా ఇంటర్వ్యూ శిక్షకులకు బహిరంగ లేఖ



మీ దగ్గర ఫీజు కట్టిన పిల్లలు వీసా ఇంటర్వ్యూకి ముందు ఏం చేస్తారో ఈ తీరంలో చాలా ఇళ్లకు తెలుసు. మీరు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ తెరుస్తారు. 'వై దిస్ యూనివర్సిటీ?' అన్న ప్రశ్న కింద మీరు రాసిచ్చిన నాలుగైదు వాక్యాలను గోడవైపు తిరిగి వల్లె వేస్తారు. పక్కవీధి కుర్రాడి ఫోన్లోనూ అవే వాక్యాలు. మారేది యూనివర్సిటీ పేరు ఒక్కటే. వీసా వస్తే ఆ కుర్రాడి ఫొటో మీ ఫ్లెక్సీకి ఎక్కుతుంది. రాకపోతే 'కాన్ఫిడెన్స్ చాల్లేదమ్మా, కళ్లలోకి చూసి చెప్పలేకపోయాడు' అని తప్పంతా వాడి మీదికి తోసేస్తారు. అన్ని గుంటలకూ ఒకే హ్యాచరీ సీడు పోసినట్టు అందరి నోళ్లలోనూ ఒకే జవాబు పోసి, పోయినప్పుడు నేరం పిల్లవాడి మీద పెట్టే ఈ పద్ధతి ఎవరు నేర్పారు మీకు?

2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా ప్రపంచమంతటి నుంచి అమెరికా ఎఫ్-1 విద్యార్థి వీసాకి దాదాపు 6.79 లక్షల దరఖాస్తులు వెళ్లాయి. అందులో 2.79 లక్షలు తిరస్కరించారు. అంటే నూటికి 41. 2023-24 విద్యాసంవత్సరంలోనే అమెరికాలో చదువుతున్న భారతీయుల సంఖ్య 3,31,602కి చేరి, 2009 తర్వాత తొలిసారి చైనాను దాటింది. మీరు ఈ రెండో అంకెనే బ్యానర్ల మీద వేస్తారు. మొదటిది మీ ఆఫీసు గోడ మీద ఎక్కడైనా ఉందా?

వీసా ఫీజు 185 డాలర్లు, విద్యార్థి నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు. రెండూ కలిపి మన లెక్కలో 45 వేల రూపాయల పైమాటే. తిరస్కరణ చీటీ చేతికొచ్చాక ఏడాదిలోపు మళ్లీ ప్రయత్నిస్తే సెవిస్ ఫీజు పనికొస్తుంది కానీ వీసా ఫీజు మళ్లీ కట్టాల్సిందే. ఆ చీటీ మీద ఉండే 214(బి) అన్నది 1952 నాటి అమెరికా వలస చట్టంలో ఒక సెక్షను. తిరిగొచ్చే ఉద్దేశం ఉందని దరఖాస్తుదారు నిరూపించుకునే దాకా అతన్ని స్థిరపడటానికి వస్తున్నవాడిగానే లెక్కగట్టమంటుంది. దీనిమీద అప్పీలు లేదు. మీ ఫీజు కూడా వెనక్కి రాదని తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితంలో ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదివి వినిపించినవారు మీలో ఎందరు?

మాక్ ఇంటర్వ్యూలే తప్పని ఎవరూ అనడం లేదు. విడవలూరులోనో ముత్తుకూరులోనో పుట్టి, ఇంజనీరింగు నాలుగేళ్లూ క్లాసులో ఇంగ్లీషులో నోరు విప్పే అవసరం రాని పిల్లకు అద్దం వెనకున్న తెల్లదొరసానితో మాట్లాడటం మాటలు కాదు. భయం పోవాలంటే సాధన కావాలి. ఆ సాధన చేయిస్తే మీ ఫీజుకు న్యాయం జరిగినట్టే. కానీ మీరు చేయిస్తున్నది మాట్లాడే సాధన కాదు, అప్పజెప్పే సాధన. రెంటికీ తేడా కౌంటరు అవతల కూర్చున్నవారికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. వాళ్ల పని అదే మరి. 2023 జూన్ 7న అమెరికన్ మిషన్ 'స్టూడెంట్ వీసా డే' జరిపి, దేశంలోని అయిదు చోట్ల ఒక్కరోజులో దాదాపు 3,500 మంది విద్యార్థులను ఇంటర్వ్యూ చేసింది. పొద్దుటినుంచి అవే వాక్యాలు, అదే వరసలో, అదే ఊపుతో వింటున్న అధికారి మీ విద్యార్థి దగ్గరకొచ్చేసరికి ఏమనుకోవాలని మీ ఉద్దేశం?

అంతర్జాతీయ విద్యారంగ నిపుణుల సంఘం నాఫ్సా ఏళ్ల తరబడి విద్యార్థులకు ఇస్తున్న సూచనలు పట్టుమని పదే. అధికారికి ఉండే సమయం రెండు మూడు నిమిషాలనీ, నీ తరఫున నువ్వే మాట్లాడాలనీ, తీసుకుంటున్న కోర్సు నీ బతుకులో ఎక్కడ అమరుతుందో నీకు తెలియాలనీ వాటి సారం. అమెరికా విదేశాంగ శాఖ సొంత సలహా విభాగం ఎడ్యుకేషన్ యూఎస్ఏ కూడా బట్టీ పట్టొద్దనే చెబుతుంది. యూనివర్సిటీల ఎంపిక దగ్గర్నుంచి వీసా దాకా అక్కడ దొరికే ప్రాథమిక సలహాకి పైసా కట్టనక్కర్లేదు. హైదరాబాదులోనూ చెన్నైలోనూ దాని కేంద్రాలున్నాయి. ఈ సంగతి మీ దగ్గరకొచ్చిన ఒక్క తండ్రికైనా చెప్పారా?

ఇక ఈ తీరం సంగతి. మీ స్క్రిప్టు ముందుగా చెరిపేసేది దీన్నే.

'మీ నాన్నగారేం చేస్తారు?' అన్న ప్రశ్న దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో వస్తుంది. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి వైపు నుంచి వెళ్లిన పిల్లలు చాలామంది దీనికి 'బిజినెస్' అంటారు. మీరు అలా అనమన్నారు గనక. ఏం బిజినెస్ అని అధికారి మళ్లీ అడిగితే పిల్లవాడు తడబడతాడు. ఎందుకంటే మీ కాగితం అక్కడితో ఆగిపోయింది. ఆ నాన్న రొయ్యల రైతు. భారతదేశం ఎగుమతి చేసే శీతలీకరించిన రొయ్యలకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికాయే. అంటే అద్దం అవతలున్న మనిషి దేశంలో భోజనాల బల్ల మీదికి సరుకు పంపే ఇంటి బిడ్డ, ఆ సంగతి దాచిపెట్టి 'బిజినెస్' అంటున్నాడు! రొయ్యల గుంట అని చెప్పడానికి సిగ్గెందుకు? 2009లో వనామీ మన దేశానికి వచ్చాక ఈ తీరంలో బతుకు ఎలా మారిందో, వైట్‌స్పాట్ తెగులు తగిలితే పంట ఎలా పోతుందో, కౌంటును బట్టి ధర ఎలా కడతారో, 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గట్టు మీద నిలబడ్డ తండ్రి ఏం లెక్క వేసుకున్నాడో ఆ కుర్రాడికి తెలిసినంతగా మీ శిక్షకుడికి తెలియదు. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదవబోయేవాడికి ఇంతకంటే మంచి జవాబు ఏ పీడీఎఫ్‌లో దొరుకుతుంది?

కృష్ణపట్నం రేవుకి వెళ్లే లారీల వరస చూస్తూ పెరిగిన పిల్ల లాజిస్టిక్స్ ఎందుకు ఎంచుకుందో తన మాటల్లో చెప్పలేదా? శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడు మేడెక్కి చూసే ఊళ్లవి మీ క్లయింట్ల ఇళ్లు. ఆ ఇంటి పిల్లవాడికి ఏరోస్పేస్ మీద మనసెందుకు పోయిందో మీరు రాసివ్వాలా? ఇవన్నీ పక్కన పెట్టి 'ద యూనివర్సిటీ హాస్ వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ అండ్ స్టేట్ ఆఫ్ ద ఆర్ట్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్' అని చిలకపలుకులు నేర్పుతున్నారు. ఆ వాక్యంలో ఏ ఒక్క పదమూ ఆ కుర్రాడిది కాదు. ఆ మాటకొస్తే ఏ యూనివర్సిటీదీ కాదు.

డబ్బు కాగితాల దగ్గర మీ తెలివి ఇంకా ముదురుతుంది. ఈ జిల్లాలో ఆస్తిని ఇంటిస్థలమైతే అంకణాల్లో, పంటైతే పుట్లలో చెప్పుకుంటారు. రైతు ఆదాయం ఏడాదికో తీరు. దాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికి దారులు లేకపోలేదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషను, మేత బిల్లులు, సరుకు కొన్న కంపెనీ చెల్లింపులు, బ్యాంకు పాసుపుస్తకం, విద్యారుణం మంజూరు లేఖ వరసగా పెడితే అదే ఒక కథ చెబుతుంది. అది పేర్చడానికి ఓపిక కావాలి. మీలో కొందరు ఆ ఓపిక పడకుండా 'ఫండ్స్ చూపిస్తాం' అని వడ్డీకి డబ్బు తెచ్చి ఖాతాలో కొన్నాళ్లు నిలబెట్టి, బ్యాంకు లెటరు చేతికి రాగానే లాగేసుకుంటున్నారు. బ్రిటన్ ఆ ఆట తెలిసే సొమ్ము వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలని నియమం పెట్టింది. నియమం వచ్చాక మీరు చేసిందల్లా వడ్డీ రోజులు పెంచడమే! 'ఈ 40 లక్షలు ఎక్కడివి?' అని అధికారి అడిగినప్పుడు ఎవరి డబ్బో తెలియని పిల్లవాడు ఏం చెప్పాలి? అబద్ధం కాగితం మీదుంటే నిజం చెప్పినా చిక్కే, అబద్ధం చెప్పినా చిక్కే.

ఆ రెండో చిక్కు ఎంత పెద్దదో మీకు తెలుసు, పిల్లలకు మాత్రం చెప్పరు. 214(బి) కింద తిరస్కరణకు గురైతే రేపే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే దొంగ పత్రం చూపినట్టో, ముఖ్యమైన సంగతి తప్పుగా చెప్పినట్టో తేలితే 212(ఎ)(6)(సి) సెక్షను పడుతుంది. అది శాశ్వత అనర్హత. ఆపైన మినహాయింపు కోసం దేబిరించడమే. ఇరవై రెండేళ్ల పిల్ల జీవితం మీద ఆ ముద్ర పడుతుంది. ఖాతాలో డబ్బు తిప్పిన మీ మనిషికి ఏ శిక్ష ఉంటుంది? ఆఫీసు బోర్డు మార్చుకుంటే సరి.

ఇక్కడ ఒక ముడి ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చట్టమేమో తిరిగొస్తానని నిరూపించమంటుంది. పొలం తాకట్టు పెట్టి లక్షలు అప్పు చేసిన ఇల్లేమో చదువయ్యాక ఓపీటీ మీద ఒకటి రెండేళ్లు పనిచేస్తేగానీ అప్పు తీరదని లెక్కవేసుకుంటుంది. ఈ రెంటి మధ్య నిలబడ్డ పిల్లవాడి చేత మీరు 'డిగ్రీ అవగానే ఇండియా వచ్చి ఫలానా కంపెనీలో చేరతాను' అనిపిస్తారు. కంపెనీ పేరు కూడా మీరిచ్చిందే. అది అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అసలు అంత దూరం పోవాల్సిన పనే లేదు. ఓపీటీ అన్నది ఎఫ్-1 నిబంధనల్లో ఉన్న చట్టబద్ధమైన శిక్షణ. మామూలుగా పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగు లాంటి కోర్సులకు ఇంకో ఇరవై నాలుగు నెలలు. అడిగితే ఆ సంగతి దాచాల్సిందేమీ కాదు. పైగా విద్యార్థులు చిన్నవాళ్లనీ, ఉద్యోగం, ఆస్తి లేకపోవడం వాళ్ల విషయంలో సహజమనీ, ప్రస్తుతానికి తిరిగొచ్చే ఉద్దేశం ఉందా లేదా అన్నదే చూడాలనీ అమెరికా విదేశాంగ శాఖ కాన్సులర్ అధికారులకు ఇచ్చిన మార్గదర్శకాలే చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. ఇరవై రెండేళ్లవాడు కోటీశ్వరుడై ఉండాలని ఆ చట్టం అడగలేదు. లేని ఆస్తుల్ని చార్టర్డ్ అకౌంటెంటు కాగితం మీద మొలిపించాలన్న ఆలోచన మీది.

వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం గురించి కూడా మాట్లాడాలి. మీ కౌన్సెలరు రాత్రి పదింటికి నింపి, 'కన్ఫర్మేషన్ పేజీ పంపాం' అని మెసేజ్ పెడతాడు. లోపల ఏం రాశారో పిల్లవాడు చాలాసార్లు చూడనే చూడడు. కానీ చివర ఎలక్ట్రానిక్ సంతకం వాడిది, అందులోని ప్రతి అక్షరానికీ జవాబుదారీ వాడే. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇది నింపడంలో మీకెవరైనా సాయం చేశారా? మీరు నింపిన ఎన్ని ఫారాల్లో దీనికి 'అవును' అని పెట్టి మీ ఆఫీసు పేరు రాశారు? మీరు గర్వంగా ఫ్లెక్సీ మీద వేసుకునే పేరు, రాయాల్సిన ఆ ఒక్క గడిలో ఎందుకు కనిపించదు?

2019 నుంచి ఆ ఫారం గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అడుగుతోంది. 2025 మే 27న అమెరికా కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఆపేసి, జూన్ మూడో వారంలో మళ్లీ తెరిచినప్పుడు ఖాతాలన్నీ అందరికీ కనబడేలా పెట్టమని షరతు తెచ్చింది. ఖాతాల వివరాలు వదిలేస్తే వీసా పోవడమే కాదు, ముందుముందు కూడా అర్హత పోవచ్చని ఢిల్లీలోని రాయబార కార్యాలయం హెచ్చరించింది. అప్పుడు మీలో కొందరు ఇచ్చిన సలహా ఏమిటి? 'పాతవి డిలీట్ కొట్టెయ్, ఫారంలో ఒక్కటే రాద్దాం' అని. పరాయి దేశపు అధికారి పిల్లల ఇన్‌స్టాగ్రామ్ తిరగేయడం సబబా కాదా అన్నది వేరే చర్చ, దానిమీద ఆ ప్రభుత్వాన్నీ నిలదీయాలి. కానీ ఆ షరతు ఉండగా ఉన్న ఖాతా లేదని రాయించడం మాత్రం మీ తప్పే.

ఈ అలవాట్లు విమానం ఎక్కాక కూడా వెంటాడతాయి. తెలుగువాళ్లకు ఈ చరిత్ర కొత్తదేం కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో చిక్కుకున్న వందలాది విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఆ సంస్థ నడిపిన సుసాన్ సూకి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదనీ, అధికారులే పన్నిన వల అనీ బయటపడింది. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. వాళ్లను చేర్పించి డబ్బు తీసుకున్న దళారులుగా నేరం మోపింది కూడా తెలుగువారి మీదే. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి 21 మంది భారతీయ విద్యార్థులను తిప్పి పంపేశారు. వారిలో అధికులు రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు. ఫోన్లు, చాటింగులు కూడా చూశారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. చెన్నైలోనో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోనో కాన్సులేటు అద్దం ముందు గట్టెక్కించిన స్క్రిప్టు అట్లాంటాలో రెండోసారి అడిగితే గుర్తుండదు. గుర్తున్నా ఫోన్లో మీరు పంపిన మెసేజ్ వేరే కథ చెబుతుంది.

దీనంతటికీ వెనకున్న లెక్క ఒకటి తల్లిదండ్రులకు తెలియాలి. పిల్లల నుంచి తీసుకునే ఫీజు మీ రాబడిలో ఒక వంతు మాత్రమే. మీరు చేర్పించే యూనివర్సిటీల్లో చాలా వాటి నుంచి తలకింత అని కమిషన్ వస్తుంది. సొంత దేశపు విద్యార్థులను చేర్పించినందుకు ఇలా తలకింత అని చెల్లించడాన్ని అమెరికా ఉన్నత విద్యా చట్టం, ఫెడరల్ సాయం అందుకునే కాలేజీల విషయంలో నిషేధించింది. బయటి దేశాల విద్యార్థులకు ఆ నిషేధం వర్తించదు. తమ పిల్లలకు హానికరమని వాళ్లు ఆపుకున్నది ఇక్కడి పిల్లల విషయంలో వదిలేశారు. మీరు ఆ సందులో దుకాణం పెట్టారు. తప్పని చట్టం అనడం లేదు, సరే. కానీ 'నీ ప్రొఫైల్‌కి ఇదే కరెక్ట్ యూనివర్సిటీ' అని కుర్రాడికి చెప్పేటప్పుడు ఆ యూనివర్సిటీ మీకెంత ఇస్తుందో చెప్పే బాధ్యత లేదా? 'వై దిస్ యూనివర్సిటీ?' అన్న ప్రశ్నకు అసలు జవాబు మీ కమిషనే అయినప్పుడు పిల్లవాడి దగ్గర ఇంకో జవాబు ఎక్కడినుంచి వస్తుంది?

పనికోసం గల్ఫుకి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద కేంద్రం దగ్గర రిజిస్టరు కావాలి. చదువుకోసం పంపే మిమ్మల్ని ఆ చట్టం తాకదు. పంజాబ్ 2012లో చేసిన చట్టంతో, ఆ తర్వాత దానికి తెచ్చిన సవరణలతో, కన్సల్టెన్సీలనూ ఐఈఎల్‌టీఎస్ కోచింగు సెంటర్లనూ లైసెన్సు కిందకి తెచ్చింది. అక్కడ మోసాలు ఆగిపోయాయని ఎవరూ అనరు కానీ ఫిర్యాదు పెట్టడానికి ఒక చోటు, రద్దు చేయడానికి ఒక లైసెన్సు అయినా ఉన్నాయి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మోసపోయిన తండ్రికి ఏముంది, మీ గాజుతలుపు ముందు నిలబడి అరవడం తప్ప? అలాంటి చట్టం ఇక్కడికీ రావాలని మీరే అడిగితే మీలో నిజాయతీగా నడుస్తున్నవారికి మేలు కాదా? అలాంటివారు ఉన్నారు. వాళ్లు మౌనంగా ఉండటమే ఆశ్చర్యం.

దేశం మారినా తంతు మారడం లేదు. ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి పాత వ్యాసం తీసేసి, 150 పదాలు మించకుండా విడివిడి ప్రశ్నలకు విద్యార్థి సొంతంగా జవాబులు రాయాలంది. నూటయాభై పదాలు! అవి కూడా మీరే రాసిపెడితే యూనివర్సిటీకి వెళ్లాక అసైన్‌మెంట్లు ఎవరు రాస్తారు?

వచ్చే ఫాల్ సీజనుకు అప్లికేషన్లు పెట్టకముందే మీ నుంచి ఈ జిల్లా కొన్ని పనులు కోరుతోంది. పీడీఎఫ్ పంపడం మానండి. దాని బదులు కుర్రాడిని కూర్చోబెట్టి, ఆ కోర్సులో మొదటి సెమిస్టరులో ఏయే సబ్జెక్టులున్నాయో యూనివర్సిటీ వెబ్‌సైటు తెరిచి వాడిచేతే చదివించండి. ముందు తెలుగులో చెప్పమనండి, తర్వాత వాడికొచ్చిన ఇంగ్లీషులో. వాక్యం తప్పు వస్తే రానివ్వండి. డీఎస్-160 సబ్మిట్ కొట్టేముందు ప్రతి గడినీ వాడికి, అవసరమైతే తల్లిదండ్రులకు తెలుగులో వినిపించండి. సాయం చేసినవారి గడిలో మీ ఆఫీసు పేరు రాయండి. లాగిన్, పాస్‌వర్డు వాళ్ల చేతిలో పెట్టండి. తండ్రి రొయ్యల రైతయితే రొయ్యల రైతనే రాయండి.

ఇంకొకటి. 'విజయశాతం' అని నూటికి దగ్గరగా ఏదో అంకె వేసి కట్టే ఫ్లెక్సీ పక్కన ఇంకో బోర్డు కట్టండి. పోయిన సీజనులో ఎందరిని ఇంటర్వ్యూకి పంపారు, ఎందరికి తిరస్కరణ చీటీ వచ్చింది, ఏ యూనివర్సిటీ నుంచి తలకెంత కమిషన్ తీసుకున్నారు, తిరస్కరణ వచ్చినవారిలో ఎందరికి ఫీజులో ఎంత వెనక్కిచ్చారు అన్నవి అందులో ఉండాలి. ఈ నాలుగు అంకెలూ మీ కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. బోర్డు ఎప్పుడు కడతారు?

ఇట్లు,
తీరప్రాంత విద్యార్థుల, వారి తల్లిదండ్రుల పక్షాన